రామాంజినమ్మ చూసిన ఏరు

గుంతకల్లు రైల్వేలో పట్టాల పని చేసే బయ్యన్నకు ఏటా ఫ్యామిలీ పాసు వచ్చేది. దాంతో భార్యాభర్తలు తిరుపతికి తప్ప మరెక్కడికీ పోలేదు. వానలు మొహం చాటేసిన 2002లో, చలికాలం మొదలయ్యే వేళ, భార్య రామాంజినమ్మ పట్టుబట్టింది.

"దాండేలికి పోదామప్పా. నిండుగా పారే ఏరు నేనొకసారి చూడల్ల."

దాండేలి సంగతి ఆమె చెవిన వేసింది పక్క క్వార్టర్సులోని యేసన్న. పిల్లలతో పోయి వచ్చి, పడమటి కొండల నడుమ ఉన్న ఆ చిన్న ఊరి గురించి, అక్కడి కాళీ నది గురించి, అడవిలోని పక్షుల గురించి వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. అప్పటికే రామాంజినమ్మకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. రోజంతటికీ చిన్న చెంబెడు నీళ్లే తాగాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ చెంబును ఆమెకు అందనంత ఎత్తులో పెట్టి, అడిగినప్పుడు గుక్కెడు పోసేది బయ్యన్నే. కాపురానికి వచ్చిన నాటి నుంచీ బిందె పట్టుకొని ట్యాంకరు వెంట పరుగెత్తిన మనిషి, ఇప్పుడు ఇంట్లో నీళ్లుండీ నాలుక పిడచగట్టి పడుకునేది.

ప్రయాణం వద్దన్నాడు డాక్టరు. "ఇన్నేండ్లలో ఆయమ్మ నన్నేమడిగింది సార్?" అని బయ్యన్న సెలవు పెట్టాడు.

ధార్వాడలో రైలు దిగి బస్సెక్కారు. దాండేలిలో నదిని చూడగానే రామాంజినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అట్లాగే నిలబడిపోయింది. పుట్టి నడిపే ముసలాయన ఆమెను చెయ్యి పట్టి ఎక్కించుకున్నాడు. అవతలి ఒడ్డున రాళ్ల మీద నున్నటి జంతువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్లలోకి జారుతున్నాయి.

"నీరునాయి" అన్నాడాయన కన్నడంలో.

"నీళ్ల కుక్కలంట!" ఆమె పగలబడి నవ్వింది. "చూడప్పా, వీటికేం తక్కువ? దొరల మాదిరి ఆడుకుంటాండాయి."

పుట్టి తిరిగి ఇవతలి ఒడ్డుకొచ్చాక, లోతులేని చోట, చీర తడుస్తున్నా లెక్కచేయక నడుము దాకా నీళ్లలో కూర్చుంది. కాసేపటికి దోసిలి నిండా నీళ్లు తీసుకొని బయ్యన్న వైపు చూసింది.

"వద్దుమే."

"ఒక్క దోసెడప్పా."

"నీళ్లెక్కువై ఊపిరాడక మొన్న ఎట్ల కొట్టుకున్న్యావో మర్చినావా? మళ్లీ అది చూసే శక్తి నాకు లేదు."

ఆమె వేళ్లు మెల్లగా విడదీసింది. నీళ్లు ఏట్లో కలిసిపోయాయి. తడి చేత్తో పెదాలు తుడుచుకొని, "సరేలే, కండ్లారా చూస్తిని కదా" అంది. తిరుగు బస్సులో దారంతా నీళ్ల కుక్కల మాటే చెప్పింది.

ఉగాది ముందర, రైల్వే క్వార్టర్సులోనే రామాంజినమ్మ ప్రాణం పోయే ఘడియ వచ్చింది. ఆమె అక్క, అందరూ పెద్దక్క అని పిలిచే మనిషి, గ్లాసు తెచ్చి బయ్యన్న చేతికిచ్చింది.

"నోట్లో నీళ్లు పొయ్యప్పా."

పోశాడు. నీళ్లు పెదవి పక్క నుంచి జారి దిండు తడిపాయి. మళ్లీ పోశాడు. గ్లాసు ఖాళీ అయితే ఇంకో గ్లాసు తెమ్మన్నాడు. పెద్దక్క అతని మణికట్టు పట్టుకొంది. "చాల్లే నాయనా. ఆయమ్మ పాయె."

కర్మలన్నీ అయిపోయాక బయ్యన్న ఒక్కడే ఆసుపత్రికి పోయాడు. డాక్టరు ఎదుట నిలబడి అడిగాడు.

"ఏటికాడ దోసెడు నీళ్లు తాగనిచ్చింటే ఏమయ్యేది సార్?"

డాక్టరు కళ్లద్దాలు తీసి, అతన్ని ఓదార్చబోయి నిజమే చెప్పాడు. "దోసెడుకు ఏమీ అయ్యుండేది కాదు బయ్యన్నా."

తాగుంటే అక్కడే, ఆ ఏట్లోనే ఆమె ప్రాణం పోయుండేదని, తాను వద్దనడమే మేలైందని చెబుతాడేమోనని గంపెడాశతో వచ్చిన మనిషి. తలూపి బయటికొచ్చి, రోగులు కూర్చునే బల్ల మీద కూలబడ్డాడు. పొద్దు వాలేదాకా ఇంటికి రాకపోతే, యేసన్న వెతుక్కుంటూ వచ్చి, భుజం పట్టి లేపి, సైకిలు వెనక కూర్చోబెట్టుకొని తీసుకుపోయాడు.