మా బావగారు ఇంట్లోనే పోయారు

మా వారి అన్నగారు, నాకు బావగారు, పోయిన నెలలో కాలం చేశారు. రాజమహేంద్రవరంలో మా ఇంటి కింది వాటాలో, వీధి వరండాలో, తన పడక కుర్చీలో పోయారు. పేపరు చదువుతూ కాఫీ అడిగారు. మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే ఆవిడ, గ్లాసు పట్టుకుని వచ్చేసరికి ఆయన తల పక్కకి వాలి ఉంది. కేక విని మా వారూ నేనూ మేడ మీది నుంచి పరుగెత్తాం. రెండిళ్ల అవతల ఉండే డాక్టరుగారు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చారు. చెయ్యి పట్టుకు చూసి, "క్షణంలో అయిపోయిందమ్మా. ఆయనకి తెలిసి కూడా ఉండదు. ఎవరం చేయగలిగిందీ లేదు" అన్నారు.

పోయినవాళ్ల గురించి ఇంత వివరంగా రాయడం బాగోదని నాకు తెలుసు. కానీ ఆయన ఎలా పోయారన్నది మా ఇంట్లో వాళ్లకంటే ముక్కూ మొహం తెలియని వాళ్లకే ఎక్కువ తెలిసిపోయింది. అందుకని ముందుగా ఇది చెప్పాల్సి వస్తోంది.

బావగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక సబ్బుల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగారు. ఒక వ్యాను, ఒక మైకు, బుట్టెడు చిన్న సబ్బు బిళ్లలు. కాలవ గట్ల వెంబడి ఆయన మైకు మోగని ఊరు లేదని మా అత్తగారు గొప్పగా చెప్పేవారు. ఆయన మాత్రం గొప్పగా చెప్పుకోలేదు. ఒక ఊళ్లో దిగి, "పక్క ఊళ్లో ఇంటింటా ఇదే వాడుతున్నారండి" అనేవారట. పక్క ఊరు వెళ్లి, ఈ ఊరి గురించి అదే మాట అనేవారట.

"అదేంటండీ బావగారూ, అబద్ధం కదా!" అన్నాను ఒకసారి.

"పొద్దున్న అబద్ధమే అమ్మాయ్. సాయంత్రానికి నిజమైపోయేది. రెండూళ్లలోనూ సరుకు అయిపోయేది. అది చూసే నాకు భయమేసింది" అన్నారు.

ఆ భయమే ఆయన్ని జీవితాంతం అలా ఉంచిందనుకుంటాను. టీవీలో ప్రకటన రాగానే రిమోటు తీసుకుని గొంతు నొక్కేసేవారు. "ఇప్పుడు చూడండి. పిల్ల నవ్వుంది, అత్తగారి మెప్పుంది, కొత్త ఇల్లుంది. సబ్బెక్కడ?" అనేవారు. అక్క వంటింట్లోంచి, "సీరియల్ వచ్చేసింది, ఇంక దాని గొంతు వదలండి మహానుభావా" అని అరిచేది.

నా మోకాళ్ల నొప్పి సంగతి ఫోనుకి ఎలా తెలిసిందో గానీ, ఒక ఏడాది నాకన్నీ నూనెల ప్రకటనలే. తెల్లకోటు వేసుకున్నాయన ఒకడు ఎంతో ఆదరంగా మాట్లాడేవాడు. తెప్పించుకుందామని బావగారికి చూపించాను. "కోటు తెల్లగా ఉంది సరే, ఆయన పేరేంటి? ఎక్కడ చదివాడు? ఎక్కడ కూర్చుంటాడు?" అన్నారు. ఎంత వెతికినా ఏదీ లేదు. నేను ఇంటి ఖర్చులు పద్ధతిగా రాసుకునే మనిషిని. పాలవాడి దగ్గర కూడా చీటీ తీసుకుంటాను. అది పట్టుకుని ఆయన నన్ను ఎత్తిపొడిచేవారు. "కొత్తిమీర కట్టకి కూడా బిల్లు అడుగుతావు కదమ్మాయ్, కబురుకెందుకు అడగవు?"

ఆ మాట నాకు పనికొచ్చినంతగా ఏ చదువూ పనికిరాలేదు. ఎవరు పంపారు, వాళ్లకెవరు పంపారు, మొదట చూసినవాళ్లు ఎవరు అని అడగడం ఆయన వల్లే అలవాటైంది.

ఎన్నికలు వస్తే మా బంధువుల వాట్సాప్ గ్రూపు రెండుగా చీలిపోతుంది. మా ఆడపడుచు కొడుకు ఒక పార్టీ కోసం పొద్దస్తమానం ఫోనులోనే ఉంటాడు. ఒక వానాకాలం వాడు, ఇదిగో మన గోదావరి గట్టు, నడుం లోతు నీళ్లు, పట్టించుకునే నాథుడు లేడు అని ఒక ఫొటో పెట్టాడు. బావగారు వాణ్ణి పిలిచి, ఫొటో పెద్దది చేసి, ఒక మూల వేలు పెట్టారు.

"ఈ కొట్టు బోర్డు చదవరా."

"చదవడం రావట్లేదు మావయ్యా."

"నీకు తెలుగొచ్చు కదా?"

వాడు నవ్వేశాడు. "నీకన్నీ అనుమానాలే మావయ్యా" అన్నాడు గానీ ఫొటో తీయలేదు. ఆ మర్నాడు అవతలి పార్టీ అభిమాని అయిన మా వారు ఇంకో ఊరి తళతళలాడే రోడ్డు తెచ్చి మనదేనని పెట్టారు. బావగారు తమ్ముణ్ణీ వదల్లేదు. ఆయన ఏ పార్టీ మనిషో మాకు చివరిదాకా తెలియలేదు. అడిగితే, "బూత్‌లో ఓటు మిషను చుట్టూ అట్ట దేనికి పెట్టార్రా మరి" అనేవారు.

ఇంకో అలవాటు ఉండేది. ఏదైనా చదివి ఒళ్లు మండినా, కళ్లలో నీళ్లు తిరిగినా, ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేవారు. "నాకు కోపం వచ్చిందంటే ఎవడో కష్టపడి తెప్పించాడన్నమాట. వాడెవడో చూడాలి కదా" అనేవారు.

అలాంటి మనిషి పోయిన మూడో రోజున ఒక వీడియో అయ్యారు.

మా మేనల్లుడు, అదే ఆడపడుచు కొడుకు, పెట్టిన ఫొటోతోనే చేశారు. అది ఎవరిదో గృహప్రవేశంలో తీసింది. ఆత్రేయపురం పూతరేకు నోట్లో పెట్టుకోబోతూ, పొడి మీసాల మీద రాలుతుందని తల పైకెత్తి, నోరు ఇంత తెరిచారు. ఆ పూతరేకునీ, పట్టుకున్న చేతినీ కత్తిరించేసి, రంగు తీసేశారు. తిండిపోతు సరదా పోయి, ఊపిరందక నోరు తెరిచిన ముసలాయన మిగిలాడు. కింద, అంబులెన్సు కోసం ఎదురుచూసి ప్రాణాలు విడిచిన పెద్దాయన అని రాశారు.

మేనల్లుణ్ణి నిలదీశాను. "ఇది నువ్వు పెట్టిన ఫొటో కదరా?"

"నేను ఓం శాంతి అని పెట్టాను చిన్నత్తా. మిగతాది మా పార్టీ పేజీ వాళ్లు రాసుకున్నారు."

"అంబులెన్సు రాలేదంటున్నారు. అసలు మనం పిలిచామా?"

"పిలవలేదనుకో. పిలిస్తే మాత్రం వస్తుందా ఏంటి? ఎంతమందికి రాలేదు!"

"రానివాళ్ల గురించి రాసుకోండి. మీ మావయ్య ఎందుకు?"

"ఎవరైతే ఏంటత్తా, జనానికి విషయం చేరాలి గానీ. ఎంతమంది చూశారో తెలుసా? బతికుండగా ఆయన మాట ఇంతమంది విన్నారా చెప్పు!"

పాడె మోసినవాడు వాడు.

ఆ వీడియో కింద నేనే రాశాను. ఆయన మా బావగారు, ఇంట్లోనే పోయారు, అంబులెన్సు పిలవలేదు అని. "ఎంత ఇచ్చారమ్మా?" అని ఒకరు, "దొంగ ఖాతా" అని ఇంకొకరు. కాసేపటికి నా మాట అక్కడ కనిపించలేదు. ఈలోగా అవతలి పార్టీ వాళ్లు, అంతా అబద్ధం, అంబులెన్సు నిమిషాల్లో వచ్చింది, కుటుంబం మాకు కృతజ్ఞతలు చెప్పింది అని ఇంకో వీడియో వదిలారు. మా వారు అది పంపించి, "చూశావా, నిజం బయటపడింది" అన్నారు. అన్నగారి పక్కన ఉన్న మనిషే!

బావగారి మీద కూడా నాకు కోపం వచ్చింది. కబురుకి బిల్లు అడగమన్నారు. బిల్లు మా ఇంట్లోనే ఉంది, చూపిస్తున్నాను, చూసేవాళ్లు లేరు. అప్పుడేం చెయ్యాలో ఆయన చెప్పలేదు. ఫోను బోర్లా పెట్టి మంచినీళ్లు తాగి వచ్చాను. వచ్చాక కూడా కోపం అలాగే ఉంది. ఈసారి దాన్ని ఎవరూ తెప్పించలేదు, నాదే.

ఇదంతా ఎలాగో భరించేదాన్ని. అక్క కోసమే నా బాధ.

పరామర్శకి వచ్చినవాళ్లు, "అంబులెన్సు వేళకి వచ్చుంటే దక్కేవారేమోనండి పాపం" అనేవారు. అక్క మొదట్లో గట్టిగా, "అబ్బే, మేం పిలవలేదండి" అనేది. "అయ్యో, పిలవలేదా!" అని వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఉన్నమాట చెప్పినందుకు తనే తప్పు చేసినట్టయింది. పెద్దకార్యం నాటికి ఆ జవాబు మానేసింది. ఎవరేమన్నా తలూపి ఊరుకుంటోంది.

మొన్న కూర తరుగుతూ, "మనం ఎందుకు పిలవలేదే?" అంది.

"డాక్టరుగారు చెప్పారు కదక్కా, క్షణంలో పోయారని. నువ్వు వెళ్లేసరికే అయిపోయింది."

"చెప్పారనుకో. ఆయన రాకముందు పిలిచుంటే?"

పిలిచినా లాభం లేదని మళ్లీ చెప్పాను. విన్నది. ఔనంది కూడా. కూర పొయ్యి మీద పెట్టింది.

ఈ పొద్దున్న పాలు తీసుకోవడానికి కిందికి వస్తే, అక్క గేటు రెండు రెక్కలూ బార్లా తీసి వీధిలో నిలబడి ఉంది. ఏంటక్కా అన్నాను. "ఈ సందులోకి పెద్ద బండి తిరుగుతుందంటావా?" అంది. మలుపు దగ్గర మంచినీళ్ల టిన్నుల వ్యాను ఒకటి ముందుకీ వెనక్కీ జరుగుతోంది. గోడకి తగులుతుందేమోనని డ్రైవరు తల బయటపెట్టి చూస్తున్నాడు. అక్క కొంగు భుజం చుట్టూ బిగించుకుని, అది తిరిగేదాకా కళ్లార్పకుండా చూస్తూనే ఉంది.