ఎలుగుబంటికి చాటు

కోరుట్లలో గోడలు కట్టి విసిగి గల్ఫుకు పోతే, అక్కడ నాతో కట్టించింది తెల్ల ఎలుగుబంటికి ఇల్లు. అది ఇంకా రాలేదు. బయట ఎండ మాడ్చేస్తుంటే, జూలోని ఏసీ హాలులో మంచుకొండల్లా కనపడేలా సిమెంటు బండలు కట్టేవాళ్లం. టికెట్టు కొన్నవాళ్లకు జంతువు కనపడాలి కదా అని, వెనుక అది పడుకునే గుహ బండల మధ్య జానెడు సందు వదిలాను. ఇంజనీరు కోప్పడ్డాడు. ఎవరి కన్నూ పడని చోటు ఒకటి లేకపోతే అది రోజంతా అటూ ఇటూ తిరిగి పిచ్చిదైపోతుందట. మర్నాడు పొద్దున్నే మూసేయమన్నాడు.

సాయంత్రం గదికి వస్తే నా మంచం బోసిగా ఉంది. పన్నెండు మందిమి ఉండే గది అది. వచ్చిన కొత్తలోనే నా మంచం చుట్టూ సిరిసిల్ల లుంగీలు రెండు తెరలా కట్టుకున్నాను. ఆ తెర వెనకే ఇంటికి ఫోన్ చేసేవాణ్ని, ఏడుపొస్తే ఏడ్చేవాణ్ని. తనిఖీకి వచ్చిన క్యాంపు బాసు, గది నీటుగా ఉండాలని అందరి తెరలూ పీకించాడట. ఎవరికి నీటో!

పై మంచం ఆయనది రుద్రంగి ఊరు, నాకంటే పెద్దవాడు. ఆయనకు సందు సంగతి చెప్పాను.

"ఎలుగుబంటికి సాటు గావాల్నట. మనకద్దా తమ్మీ?" అన్నాడు.

గోడవైపు తిరిగి పడుకున్నాను.

తెల్లారి వెళ్లి, సన్నని వెలుతురు కూడా దూరకుండా ఆ సందు మూసేశాను. లోపలి నుంచి మూశాను. ఫోర్‌మన్ పిలిచేదాకా అక్కడే కూర్చున్నాను.