మా బాబాయి తూటాల బల్ల

బాబాయి పోయారని పిన్ని ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీస్ పార్కింగ్‌లో కారు ఆపుతున్నాను. "నిద్రలోనే పోయారే. కాఫీ కలిపి లేపడానికి వెళ్తే లేవలేదు" అంది. ఆ మాట చెప్పాక ఫోన్ పెట్టేయకుండా అలాగే ఉండిపోయింది. కారు అక్కడి నుంచే వెనక్కి తిప్పి టెక్సస్‌లోనే ప్లేనో ఊళ్ళో ఉన్న వాళ్ళింటికి వెళ్ళిపోయాను.

మా బాబాయి హాస్పిటల్లో ఫార్మసిస్టుగా చేసి రిటైర్ అయ్యారు. ఆయనకు ఒకే ఒక్క సరదా ఉండేది. వారానికోసారి షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి కాగితం మీద గీసిన వలయాల్ని రైఫిల్‌తో కొట్టడం. ఆ కాగితాన్ని తప్ప జన్మలో దేన్నీ కొట్టలేదు. ఆ రైఫిల్‌కి కావలసిన తూటాల్ని షాపులో కొనేవారు కాదు, గరాజ్‌లో బల్ల ముందు కూర్చుని తనే చేసుకునేవారు. మన వాళ్ళలో చాలామందికి ఈ సంగతి చెబితే అదోలా చూస్తారు. మీరూ చూడొచ్చు, నాకేం అభ్యంతరం లేదు. మొదట్లో నేనూ అలాగే చూశాను.

గ్రీన్ కార్డ్ వచ్చాక నాకూ ఆ రేంజ్ పిచ్చి పట్టింది. తర్వాత కొవిడ్ రోజుల్లో షాపుల్లో తూటాలు దొరక్కపోయేసరికి నేనే చేసుకుందామనుకున్నాను. మనం ఏ పనైనా మొదలుపెట్టామంటే ముందు సామాను కొనేయాలి కదా. ఆన్‌లైన్‌లో పెద్ద కిట్ ఆర్డర్ చేసి, గొప్పగా డిక్కీలో వేసుకుని బాబాయి దగ్గరికి వెళ్ళాను.

"అన్నీ కొనేశావా? సరే, దేంతో మొదలుపెడతావ్?" అన్నారు.

"ప్రెస్‌తో బాబాయ్." ప్రెస్ అంటే బల్లకు బిగించే ఇనుప యంత్రం. హ్యాండిల్ కిందికి లాగితే, ఒకసారి పేల్చిన తూటా తాలూకు ఇత్తడి గొట్టం మళ్ళీ సరైన కొలతకి వస్తుంది.

"ప్రెస్ ఎక్కడికీ పారిపోదు. ముందు పుస్తకం చదువు. చదివాక కళ్ళజోడు కొనుక్కో."

"నాకు కళ్ళజోడు ఉంది కదా."

"అది నువ్వు చూడ్డానికి. నేను చెప్పేది నీ కళ్ళు మిగలడానికి."

అలా నా కిట్ వాళ్ళ గరాజ్ మూలన పడింది. ఏ గొట్టానికి ఏ పేలుడు పౌడర్, ఎంత, ఎంతకు మించకూడదు అన్నీ ఆ పుస్తకంలో ఉంటాయి. అది పూర్తిగా చదివేదాకా ఆయన నన్ను హ్యాండిల్ ముట్టుకోనివ్వలేదు. నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను, నాకు మాన్యువల్ చదవడం నేర్పుతారా అని పిన్ని దగ్గర సణిగాను. "నాకు గ్యాస్ పొయ్యి వెలిగించడం నేర్పినాయన ఆయన. సర్దుకుపో" అంది పిన్ని.

తర్వాత త్రాసు దగ్గర పేచీ వచ్చింది. కిట్‌లో వచ్చిన త్రాసు చూడ్డానికి బాగాలేదని, మా అమ్మ ఇచ్చిన బంగారం తూచే బుల్లి త్రాసు తీసుకెళ్ళాను. అది గ్రాముల్లో చూపిస్తుంది. పౌడర్ తూచే కొలత గ్రెయిన్ అని వేరే ఉంది, గ్రాముకంటే బాగా చిన్నది. ఫోన్‌లో లెక్క కట్టి మార్చుకుంటానన్నాను. బాబాయి నా త్రాసుని అరచేతిలో పెట్టుకుని మెల్లగా ఊదారు. అంకె మారిపోయింది.

"గాజులు తూచుకోవడానికి ఇది బాగుంటుంది తల్లీ. గాజు బరువు తప్పితే షావుకారుతో పోట్లాడుకోవచ్చు. ఇక్కడ తప్పితే నీ వేళ్ళు పోతాయి" అని నా త్రాసు నాకిచ్చేసి, ఫోన్ వంటింట్లో పెట్టి రమ్మన్నారు. ఆయన బల్ల దగ్గరికి ఫోన్ రాకూడదు. పౌడర్ పోసేటప్పుడు మాటలు కూడా ఉండకూడదు. బల్ల మీద ఒకసారికి ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. రెండోది కావాలంటే మొదటిదాన్ని అలమరలో పెట్టి తాళం వేయాల్సిందే.

మిగతావి ఒక్కొక్కటిగా నా చేతికి వచ్చాయి. గొట్టం పొడవు కొలిచే క్యాలిపర్, గొట్టం అడుగున ప్రైమర్ని, అంటే దెబ్బ తగలగానే పౌడర్‌కి నిప్పు రాజేసే చిన్న బిళ్ళని, కూర్చోబెట్టే చేతి పనిముట్టు, పౌడర్ పోయడానికి గరాటు. గుంటల గుంటల చెక్క ఒకటి ఉండేది, గొట్టాల్ని వరసగా నిలబెట్టడానికి. దాన్ని ఆయన ఇడ్లీ పళ్ళెం అనేవారు. పౌడర్ పోయడం అయ్యాక టార్చి పట్టుకుని ఒక్కో గొట్టంలోకి తొంగిచూసేవారు. ఒకదాంట్లో ఎక్కువ పడినా, అసలు పడకపోయినా అక్కడే తెలిసిపోవాలి. ఆ తర్వాతే ప్రెస్‌తో పైన మొన బిగించడం.

ఆ పనిలో పిన్నికీ ఒక వాటా ఉంది. రేంజ్ నుంచి తెచ్చిన గొట్టాలు మసిపట్టి ఉంటాయి. వాటిని శుభ్రం చేసే మిషన్లున్నాయి, మందులున్నాయి. పిన్ని వాటిని చూసి, "ఇత్తడే కదా, నాకివ్వండి" అని చింతపండు పులుసులో నానబెట్టి, దేవుడి సామాను తోమినట్టు తోమి ఇచ్చింది. బాబాయి ఒకదాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, "ఉప్పు మాత్రం వెయ్యకు. బాగా కడుగు" అన్నారు. అప్పటి నుంచీ వాళ్ళ పెరట్లో పాత దుప్పటి పరిచి, ఒకవైపు వడియాలు, ఒకవైపు ఇత్తడి గొట్టాలు ఎండబెట్టేవారు. లోపల తడి ఉంటే పౌడర్ పాడవుతుందని టెక్సస్ ఎండ సరిపోయినా ఇంకో పూట ఉంచేవారు.

అందరూ ఆఖర్న కొనే పనిముట్టు ఒకటుంది. బాబాయి నాతో దాన్ని మొదట్లోనే కొనిపించారు. చూడ్డానికి సుత్తిలా ఉంటుంది. తయారైన తూటాని దాని తలలో బిగించి నేల మీద కొడితే మొన ఊడి, పౌడర్ బయటికి వస్తుంది. తప్పుగా చేసిన తూటాని విప్పడానికి అన్నమాట. "చెయ్యడం ఎవరైనా నేర్చుకుంటారు. అనుమానం వస్తే విప్పేయడానికి బద్ధకించకూడదు" అనేవారు.

ఆయన నియమాల్లోకెల్లా కచ్చితమైనది ఇంకోటి ఉంది. ఒకరు చేసిన తూటా ఇంకొకరు పేల్చకూడదు. ఒకసారి రేంజ్‌లో నావి అయిపోతే ఆయన డబ్బా వైపు చెయ్యి చాపాను. నా చెయ్యి పక్కకి తోసేశారు. "నా వంట తిను. నా తూటా మాత్రం ముట్టుకోకు. ఇందులో ఏముందో నాకు తెలుసు, నీకు తెలీదు. నీ ముఖం దగ్గర పేలేదాన్ని నా మీద నమ్మకంతో పేల్చకు" అన్నారు. నాకు ముచ్చటేసింది. మనల్ని ప్రేమించేవాళ్ళు నన్ను నమ్ము అంటారు. ఈయన తనను నమ్మొద్దని చెప్పారు.

ఏడాది కిందట ఆయనకు మతిమరుపు మొదలైంది. అడిగిందే అడిగేవారు. తెలిసిన రోడ్డులో తిరగాల్సిన ఎగ్జిట్ దాటిపోయేవారు. ఒకరోజు నా ఎదుటే పౌడర్ పోస్తూ మధ్యలో ఆగిపోయి, గరాటు పట్టుకుని చాలాసేపు ఇడ్లీ పళ్ళెం వైపు చూశారు. "ఇందులో పోశానా అమ్మాయ్?" అన్నారు. నేను జవాబు చెప్పేలోపే అన్ని గొట్టాల్లోని పౌడర్నీ డబ్బాలోకి వంపేసి, మూతపెట్టి లోపలికి వెళ్ళిపోయారు. నేను ఆ బల్ల దగ్గరే కూర్చుని ఏడ్చాను.

మరుసటి వారం పౌడర్ డబ్బాలు, ప్రైమర్లు అన్నీ నా కారులో పెట్టించారు. "గరాజ్‌లో వేడికి ఆగవు. నీ దగ్గర ఉంచు. నాక్కావలసినవి కొత్తవి తెచ్చుకుంటాలే" అన్నారు. నేను నమ్మాను. టెక్సస్‌లో గరాజ్ వేడి అబద్ధం కాదు కదా.

పన్నెండో రోజు కార్యక్రమాలు అయ్యాక తమ్ముడు నన్ను గరాజ్‌లోకి పిలిచాడు. తమ్ముడంటే బాబాయి కొడుకు, ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు వేరే రాష్ట్రంలో శాన్ రామన్‌లో ఉంటాడు. వాడికి తుపాకులంటే పడదు. ఎప్పుడూ ఆ బల్ల దగ్గరికి కూడా వచ్చేవాడు కాదు. వాడి చేతిలో ప్లాస్టిక్ డబ్బా ఉంది, నిండా తూటాలు. చింతపండు మెరుపు మీదున్నాయి.

"అక్కా, నాన్న లాస్ట్ బాక్స్ ఇది. సండే రేంజ్‌లో నాన్న ఫ్రెండ్స్ అందరూ వస్తున్నారు. తలా ఒకటి షూట్ చేస్తారు, ఫర్ హిమ్. నేను కూడా చేస్తా" అన్నాడు.

డబ్బా మీద లేబుల్ లేదు. లేబుల్ లేని డబ్బా ఆ గరాజ్‌లో నేనెన్నడూ చూడలేదు. పైగా తూటాలన్నీ మొన పైకి నిలబడి ఉన్నాయి. పూర్తయిన తూటాల్ని ఆయన మొన కిందికి, అడుగు పైకి ఉంచేవారు, మూత తీయగానే ప్రైమర్లు కనబడాలని.

"ఇవి ఎప్పుడు చేశారు పిన్నీ?" అన్నాను, మా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ పిన్నితో.

"మొన్నటిదాకా చేస్తూనే ఉన్నారు కదే. పోయే ముందు వారం కూడా గొట్టాలు తోమిచ్చాను" అంది.

అంటే పక్క రోడ్డు గుర్తులేని రోజుల్లో, ఒక్కరే కూర్చుని చేసిన తూటాలు. వాటిని తమ్ముడు ముఖం దగ్గర పెట్టుకుని పేలుస్తానంటున్నాడు. అంతకంటే నన్ను కోసేసిన బాధ ఇంకోటుంది. అంత జాగ్రత్త మనిషి చివరికి ఆ జాగ్రత్తనే మర్చిపోయారా అని.

"వీటిని ఎవరూ పేల్చరు. అన్నీ విప్పేస్తాను" అన్నాను.

"అక్కా, కమాన్. నాన్న చేతుల్తో చేసిన లాస్ట్ థింగ్ ఇది. బ్రేక్ చేస్తావా?"

"ఆయన చేసింది కాబట్టే. ఆయన బతికుంటే నిన్ను ముట్టుకోనిచ్చేవారా?"

"నేను అడగలేదు ఎప్పుడూ. అదే కదా నా బాధ" అన్నాడు వాడు. వాడి మీద కోపం పోయి జాలేసింది, కానీ డబ్బా మీద వేసిన చెయ్యి మాత్రం నేను తీయలేదు. ఇద్దరం పిన్ని వైపు చూశాం.

"ఆయనైతే విప్పేసేవారు. కానివ్వు" అని పిన్ని అక్కడే స్టూల్ మీద కూర్చుంది.

కళ్ళజోడు పెట్టుకుని, సుత్తి అందుకుని, మొదటి తూటా పైకి తీశాను. తిప్పి చూస్తే అడుగున ప్రైమర్ లేదు. అది కూర్చోవలసిన చోట ఖాళీ గుంట ఉంది. రెండోది తీశాను, అదీ అంతే. డబ్బా మొత్తం బల్ల మీద బోర్లించాను. అన్నిటికీ ఖాళీ గుంటలే. చెవి దగ్గర ఊపితే లోపల పౌడర్ కదిలిన చప్పుడు లేదు. ఒకదాన్ని సుత్తిలో బిగించి నేల మీద కొట్టాను. మొన ఊడి వచ్చింది. దాని వెంట ఏమీ రాలలేదు.

"వాట్ డజ్ ఇట్ మీన్ అక్కా? మర్చిపోయారా?"

"ఒకటో రెండో అయితే మర్చిపోయారనుకోవచ్చురా. అన్నీ ఇలాగే ఉన్నాయి. పౌడర్ నాకిచ్చేశాక ఆయన కొత్తది కొననేలేదు."

బాబాయికి తెలుసు. తన చేతుల్ని తను నమ్మకూడదని మా అందరికంటే ముందే తెలుసుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. ప్రమాదమైనవన్నీ నా ఇంటికి పంపించేసి, మిగిలిన పనిని రోజూ చేసుకుంటూ వచ్చారు. అవి పూర్తయినవి కావు కాబట్టే లేబుల్ వేయలేదు, అడుగు పైకి పెట్టలేదు. ఆయన్ని అనుమానించినందుకు సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది. తమ్ముడు ఒక తూటాని అరచేతిలో పెట్టుకుని, వేళ్ళు మూసి, అలాగే నిలబడ్డాడు.

"పొద్దున్నే ఆ హ్యాండిల్ చప్పుడు వంటింట్లోకి వినబడేది. హమ్మయ్య, ఈయన బాగానే ఉన్నారు అనుకుని కాఫీ పెట్టేదాన్ని" అంది పిన్ని.

స్టూల్ మీంచి లేచి బల్ల దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆవిడ ప్రెస్ మీద చెయ్యి వేయడం నేను చూడలేదు. చీర కొంగుతో హ్యాండిల్ తుడిచి, రెండు చేతులా పట్టుకుని కిందికి లాగింది. టక్కుమని ఆ చప్పుడు వచ్చింది. పైకి వదిలింది. ఒక క్షణం వంటింటి తలుపు వైపు చూసి, మళ్ళీ లాగింది.