గట్టిగా నొక్కని చెయ్యి

భూతద్దం బాబాయికి ఆ పేరు పెట్టింది వీధివాళ్ళు. నలభై ఏళ్ళు చేతిగడియారాలు బాగుచేసిన మనిషి. ఎడమ కంటికి భూతద్దం లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ. బాగుచేసిన ప్రతి గడియారం వెనక మూత లోపల సూదితో తేదీ వేసి, పక్కన పొడి సంతకం గీసేవాడు. అది పెట్టుకున్నవాడికి కూడా కనబడదు. గడియారం మూడు రోజులు ఆగకుండా నడిచి, తన పని మీద తనకు నమ్మకం కుదిరితేనే ఆ గీత. నిరుడు కొట్టు మూసేశాక ఆ సూది అల్మారా సొరుగులో ఊరికే పడి ఉంది.

కూతురు ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. ఆఫీసు మానేసి ఇంట్లోనే సొంతంగా పని మొదలుపెడతానని, దానికి పెద్ద కంప్యూటర్ కావాలని అన్నప్పుడు బాబాయి ఛాతీ విరిచాడు.

"రెడీమేడ్ ఎందుకే? భాగాలు తెచ్చి పడెయ్, నేను బిగిస్తా. నువ్వుగింజలో సగం ఉండే మరలు బిగించినవాణ్ణి, ఇదెంత!"

మూడు రోజులు భోజనాల బల్ల ఆయన అధీనంలో ఉంది. పిన్ని, అంటే ఆయన భార్య, కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినడం అలవాటు చేసుకుంది. బాబాయి ప్రతి ముక్కనూ పట్టకారుతో ఎత్తి, ఊపిరి బిగబట్టి దాని చోట దించాడు. భాగాలతో వచ్చిన చిన్న పుస్తకంలో ఒకచోట 'గట్టిగా నొక్కండి' అని ఉంటే నవ్వుకున్నాడు. యంత్రం మర్యాద తెలియని వాళ్ళు రాసి ఉంటారని ఆయన నిశ్చితాభిప్రాయం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మరి.

నాలుగో రోజు మీట నొక్కగానే తెర వెలిగింది. ఇల్లంతా చప్పట్లు. అరగంటకు తెర మీద బాణం గుర్తు ఉన్నచోటే ఆగిపోయింది. ఎన్ని మీటలు నొక్కినా, ఎంత బతిమాలినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. ఆపి మళ్ళీ పెడితే రెండు గంటలు బాగా నడిచింది. ఆ తర్వాత సరిగ్గా కూతురు గోడ గీత గీస్తుంటే మళ్ళీ ఆగింది.

"మళ్ళీ హ్యాంగైంది నాన్నా!"

వేడెక్కుతోందేమోనని టేబుల్ ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టారు. కూతురి కాగితాలు ఎగిరాయి తప్ప జబ్బు తగ్గలేదు. కరెంటు సరిగా అందట్లేదేమోనని వేరే గదిలో ప్లగ్గు పెట్టారు. అక్కడా అదే వరస. కంప్యూటర్లో ఉన్నవన్నీ చెరిపి మళ్ళీ ఎక్కించమని భాగాలు అమ్మినాయన ఫోన్లో చెబితే, కూతురు ఒక పూటంతా ఆ పనే చేసింది. పొద్దున చెరిపితే మధ్యాహ్నానికి బిగుసుకుంది.

శుక్రవారం సాయంత్రం వంటింట్లో తల్లితో కూతురు గొంతు తగ్గించి అంటున్న మాట బాబాయి చెవిన పడింది.

"సోమవారం మొదటి పార్టీ ప్లాన్ చూడ్డానికి వస్తున్నారమ్మా. రేపు సాయంత్రానికి కుదరకపోతే ఇంకోటి కొనేస్తా. నాన్నకి చెయ్యి పోయిందేమో... నేనెలా చెప్పను?"

బాబాయి వరండాలోకి వెళ్ళి కూర్చుని తన వేళ్ళ వంక చూసుకున్నాడు. అవమానం కాదు, భయం వేసింది. కొట్టు మూసింది చూపు తగ్గినందుకు. చేతులకేం ఢోకా లేదని ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఆ చేతులే పోతే తానింక ఎవరు?

ఆగిపోయే గడియారం తెచ్చినవాళ్ళని ఆయన మొట్టమొదట ఒకటే ప్రశ్న అడిగేవాడు: "తీసి పెట్టేటప్పుడు ఎలా పెడతారు? వెల్లకిలానా, బోర్లానా, నిలువునా?" లోపలి లోపం చాలాసార్లు ఏదో ఒక భంగిమలోనే బయటపడుతుంది. శనివారం తెల్లారగానే లేచి, నిలువుగా ఉన్న కంప్యూటర్ పెట్టెను బల్ల మీద పక్కకి పడుకోబెట్టాడు.

"దుప్పటి కూడా కప్పమంటారా?" అంది పిన్ని.

"దిండు కూడా తే," అన్నాడు బాబాయి, చూపు తిప్పకుండా.

పెట్టె పడుకుని మధ్యాహ్నం దాకా నడిచింది. ఒక్కసారీ ఆగలేదు. నిలబెట్టాడు. నలభై నిమిషాలకు బిగుసుకుంది. మళ్ళీ పడుకోబెడితే మూడు గంటలు హాయిగా నడిచింది. నిలబెడితే ఈసారి పావుగంటకే ఆగింది. కూతురు గీయడం మానేసి వచ్చి పక్కన నిలబడింది.

"నిలబడితేనే దీని జబ్బు," అన్నాడు బాబాయి. "అంటే లోపల ఏదో కొసకి పట్టుకుని వేలాడుతోంది."

కరెంటు తీసి, పెట్టెను పడుకోబెట్టి, పక్క రేకు విప్పారు. భూతద్దం కంటికి ఎక్కింది. మెమరీ పట్టీలు రెండున్నాయి. మొదటిది బాగానే ఉంది. రెండోదానికి ఒక చివర కొక్కెం మూసుకుంది, రెండో చివర మూసుకోలేదు. అక్కడ గోరు మందం సందు.

"దీన్ని గట్టిగా నొక్కాలి నాన్నా. పుస్తకంలో ఉందిగా!"

"నొక్కితే విరగదూ?"

"విరగదు. నొక్కు."

బాబాయి బొటనవేలు దాని మీద పెట్టాడు. నలభై ఏళ్ళుగా దేన్నీ గట్టిగా నొక్కని వేలు అది. 'టక్'మని వినబడితే, ఆయన వృత్తిలో ఏదో విరిగిందని, గిరాకీ ముందు తల దించుకోవాలని అర్థం. కళ్ళు మూసుకుని నొక్కాడు.

టక్.

కళ్ళు తెరిచేసరికి కొక్కెం దానంతటదే మూసుకుని ఉంది. కూతురు గట్టిగా నవ్వేసింది.

ఆ సాయంత్రం నిలబెట్టిన పెట్టె ఆదివారమంతా నిలబడే నడిచింది. కూతురు ప్లాను మొత్తం గీసింది. సోమవారం వచ్చినవాళ్ళు వంటగది కిటికీ కాస్త పెద్దది చేయమన్నారు, అది వాళ్ళ కళ్ళముందే చేసి చూపించింది. వాళ్ళు పని ఒప్పజెప్పి వెళ్ళారు.

వాళ్ళు గేటు దాటగానే కూతురు కంప్యూటర్ ఆపి, పక్క రేకు విప్పి తెచ్చి తండ్రి ముందు పెట్టింది. గుప్పిట తెరిచింది. సొరుగులోని సూది.

"నీకెలా తెలుసే ఇది?"

"నా గడియారం మూత చిన్నప్పుడే విప్పి చూశాను. నాన్నా... నీ చెయ్యి పోయిందని అమ్మతో అన్నాను. తప్పుగా అన్నాను."

"విన్నాన్లే. ఇంకా మూడు రోజులు కాలేదే, ఒక రోజు తక్కువుంది."

"ఆ రోజుకి పూచీ నాది. గియ్యి."

బాబాయికి కళ్ళు తడయ్యాయి, భూతద్దంలోంచి ఏమీ కనబడలేదు. దాన్ని తీసి పక్కన పెట్టి, రేకు లోపలివైపు తేదీ వేసి సంతకం గీశాడు. ఈసారి సూదిని గట్టిగానే నొక్కాడు.