కారు కింద గుమ్మడికాయ

నా చిన్నప్పుడు మా వాడ మొత్తానికి కారు ఒక్కటే ఉండేది. అది మాదే. అలాగని మాది ఉన్నోళ్ళ ఇల్లు అనుకునేరు, కాదు. మా బాపు మహబూబ్‌నగర్‌లో ఒక వకీలు దగ్గర ఏండ్ల తరబడి డ్రైవరుగా చేశాడు. వకీలు కొత్త కారు కొనుక్కున్నప్పుడు పాతదాన్ని బాపుకే ఇచ్చేశాడు. నల్ల కారు. ఒక తలుపు తాడుతో కట్టుకోవాలి, ఎత్తు ఎక్కాలంటే ఎక్కినవాళ్ళు దిగి నెట్టాలి. దాన్ని కొత్తకోట దగ్గరున్న మా ఊరికి తెచ్చి బాపు కిరాయికి నడిపేవాడు. పెండ్లికొడుకులు, సంతకు పోయే మేకపోతులు, దవాఖానకు పోయే రోగులు, అందరికీ అదే దిక్కు.

మాది మేకలు, గొర్లు కాచుకునే ఇల్లు. మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, ఆ కారును ఒక్కనాడూ తాకింది లేదు. "మేకయితే పొద్దుగూకంగ దానంతట అదే ఇంటికొస్తది, దీన్ని మనమే నెట్టుకుంట తేవాలె" అని దెప్పేది. బాపు నవ్వి ఊరుకునేవాడు.

నాకప్పుడు తొమ్మిదేండ్లు. బాపుకు నేనొక్కదాన్నే. కారు బాగుచేసేటప్పుడు పానాలు అందించేది నేనే. ఏ పానా ఏ సంచిలో ఉందో బాపుకంటే నాకే బాగా తెలుసని నాకో గర్వం.

ఒకరోజు పొద్దున్నే పక్కింటి బావ ఉరుక్కుంటూ వచ్చాడు. పక్కింటి అక్కకు నెలలు నిండాయి. నొప్పులు ఇంకా మొదలుకాలేదు కాని, బిడ్డ అడ్డం తిరిగినట్టుందని, పొద్దుగూకేలోపు మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకపొమ్మని మంత్రసాని చెప్పిందట. ఆ అక్కే నాకు రోజూ జడలు వేసేది. బాపు కారు దిక్కు చూసి తల పట్టుకున్నాడు. ముందురోజు రాళ్ళ బాటలో తగిలి కారు కిందున్న పొగగొట్టం ఊడి నేలకు రాసుకుంటోంది. దాన్ని బిగించి కట్టనిదే అంత దూరం పోలేము.

"గడియసేపు పని. నువ్వు ఆమెను తయారుచెయ్యి" అని బావను పంపించి, బాపు వాకిట్లోనే కారు వెనకవైపు ఒక పక్కకు జాకీ పెట్టి ఎత్తాడు. అవ్వ అప్పుడే సానుపు చల్లిందేమో, నేల ఇంకా తడిగానే ఉంది. గొట్టం అందడానికి ఆ పక్క చక్రం ఊడదీసి గోడకు ఆనించాడు. గోనెసంచి పరుచుకుని వెల్లకిలా కారు కిందికి జరిగాడు. "బిడ్డా, పెద్ద పానా పట్టుకొని నువ్వు గూడ రా" అన్నాడు. నేను బోర్లా పడుకుని, పాక్కుంటూ బాపు పక్కకు చేరాను.

మేకపిల్లలను పాలకు విడిచి అవ్వ అప్పుడే కొట్టంలోంచి వచ్చింది. నా చీలమండ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. మోచేయి గీరుకుపోయి నేను ఏడుపు అందుకున్నాను. అంతవరకు అవ్వ నన్ను గట్టిగా ముట్టుకున్నది లేదు.

"నువ్వు గూడ బయటికి రా" అంది బాపుతో.

బాపు కోపంగా బయటికి జరిగి లేచాడు. "ఏందమ్మా, అక్కడ ఆమెకు ఆల్చమైతాంటే! జాకీ ఉన్నది గద, గిసొంటి కార్లు రెండైనా ఎత్తుతది. నీకు ఎర్కలేదు, ఊకో."

"నాకు ఎర్కలేదు, నిజమే. గందుకే చూస్త అంటున్న."

అవ్వ లోపలికి పోయి, గోడమీది తీగకు కాసి పండిన గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తుకుని వచ్చింది. అంత పెద్దది ఆ ఏడు మాకు ఇంకొకటి కాయలేదు. వంగి, దాన్ని గోనెసంచి మీదికి, అంతకుముందు బాపు రొమ్ము ఉన్న చోటికి దొర్లించింది. నన్ను అరుగు మీదికి ఎక్కించి తాను నాకు అడ్డంగా నిలబడింది.

"ఇగ నీ బదులు గది పండుకుంటది. కింద పానా తిప్పేటప్పుడు ఎంత జోరు పెడతవో, గంత జోరుతోని బండిని ఊపు. ఏం గాకపోతే నేనే నిన్ను లోపలికి తోల్త."

బాపు విసుగ్గా నవ్వి, ముందు వైపు చెయ్యి పెట్టి నెట్టాడు. ఏమీ కాలేదు. "నీ పానా గింత మెల్లగ తిరుగుతదా?" అంది అవ్వ. ఈసారి భుజం ఆనించి ఊపాడు. జాకీ అడుగు తడి మట్టిలో ఒక పక్కకు దిగింది. మా కారు పెద్దగా మూలిగింది. బాపు వెనక్కి దూకాడు. దబ్బుమని పడింది.

గుమ్మడి గింజలు అరుగు దాకా చింది వచ్చి నా కాళ్ళమీద పడ్డాయి.

బాపు ముందు ఆ కాయ దిక్కు చూశాడు. తర్వాత దాని పక్కన, అంతకుముందు నేను పడుకున్న చోటు దిక్కు చూశాడు. ఆ తర్వాత నా దిక్కు చూడలేక గొంతుక్కూర్చున్నాడు.

అవ్వ తిట్టలేదు. పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "మీ నాయిన కాలు గిట్లనే పోయింది. సంతకు ఆల్చమైతాందని, ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టబోయి, ఒక్క కర్ర ఆసరా మీద చక్రం ఊడదీసిండు. తొందర ఆయనది, పోయిన కాలు గూడ ఆయనదే. నువ్వు గీ చిన్న పొల్లను గూడ ఎంట పెట్టుకున్నవ్, కొడుకా."

తాతయ్య కుంటుకాలి కథ బాపు ఎన్నోసార్లు విన్నదే. ఆ రోజు మాత్రం మొదటిసారి వింటున్నట్టు విన్నాడు. "జాకీ ఎత్తేతందుకే గని మోసేతందుకు గాదని పని నేర్పిన మా ఉస్తాదు చెప్పిండమ్మా. నాకు ఎర్కనే. తొందరల..." అన్నాడు.

ఇంకా ఎంతసేపని అడగడానికి బావ వచ్చాడు. చితికిన కాయను చూసి తానూ పనికి వంగాడు. తర్వాత జరిగిన పనంతా నిదానంగా జరిగింది. బట్టలుతికే బండ తెచ్చి జాకీ కింద వేశారు. ఎవరూ కిందికి పోకుండానే కారును లేపి, చక్రం తొడిగి, కొట్టం ముందున్న గట్టి రాతినేల మీదికి నెట్టారు. ఆసరాకు ఏం పెట్టాలన్నది ప్రశ్న. బావ ఇటుకలు తెస్తానన్నాడు. బరువుకు ఇటుక పగులుతుందని బాపు వద్దన్నాడు. మేకల కొట్టం దర్వాజ కోసం అవ్వ రెండేండ్లుగా దాచుకున్న తుమ్మ దూలం ఉంది. "కొయ్యుండ్రి" అంది అవ్వ. రంపానికి ఒక పక్క బాపు, ఒక పక్క బావ.

కారును గేరులో వేసి, నేలమీదుండే చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టారు. వెనక భాగాన్ని ఎత్తి, ఇరుసు కింద రెండు వైపులా మొద్దులను అడ్డం నిలువుగా పేర్చారు. జాకీని మెల్లగా దించి బరువంతా మొద్దుల మీదికి తెచ్చారు. మళ్ళీ ఊడదీసిన చక్రాన్ని కూడా పడుకోబెట్టి కిందికి తోశారు. అప్పుడు అందరూ కలిసి ఊపారు. అవ్వ కూడా కొంగు బిగించి, జీవితంలో మొదటిసారి ఆ కారును రెండు చేతులతో నెట్టింది. అది కదలలేదు.

నేను పానా పట్టుకుని వంగబోతే బాపు ఆపాడు. "వద్దు బిడ్డా. నీ పాదాలు నాకు కనబడేటట్టు గాడనే నిలబడి ముచ్చట చెప్పు. నా మాట ఇనబడకపోతే బావను పిలువు." బడిలో జరిగినవీ జరగనివీ అన్నీ చెప్పాను. గొట్టం బిగిసేదాకా కింద నుంచి బాపు 'ఊఁ' కొడుతూనే ఉన్నాడు. పాదాల మీద ఎండ చురుక్కుమన్నా నేను కదలలేదు.

పగిలిన కాయలో మట్టి అంటని ముక్కలు ఏరి అవ్వ కూర వండింది. జొన్నరొట్టె ముందు పెట్టుకుని బాపు తినకుండా కూర్చుంటే, అవ్వే తుంచి, కూర అద్ది, అంత మీసాలున్న కొడుకు నోట్లో పెట్టింది. బాపు కళ్ళనీళ్ళతో నమిలాడు. పొద్దు వాలకముందే అక్కను ఎక్కించుకుని పోయాడు. మూడోరోజు తిరిగొచ్చి ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని చెప్పాడు.

నేను తర్వాత బడిపంతులమ్మనయ్యాను. తొందరలో ఉన్న మనిషితో వాదించి లాభం లేదని, వాళ్ళ చేతులతోనే వాళ్ళకు చూపించాలని అవ్వ దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా నిచ్చెన ఎక్కుతుంటే ముందు నా చెయ్యి పోయి దాన్ని ఊపుతుంది. వాళ్ళు దిగేదాకా కింద నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాను. పిల్లలు నవ్వుతారు, నవ్వనీ.

మా బాపు ఆ తర్వాత నలభై ఏండ్లు బతికాడు. నన్ను చదివించాడు, నా పెండ్లి చేశాడు, నా పిల్లలను భుజాలమీద మోశాడు. ఆ నలభై ఏండ్లూ మా అవ్వ నా చేతిలో పెట్టి పోయినవే.