రాజ్యంగారు అడిగిన ప్రశ్న

నిన్న మూలికల కొట్లో ఎవరో కరక్కాయలు దంచుతున్నారు. ఆ వగరు వాసన తగలగానే ఏం కొనడానికి వచ్చానో మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. బందరులో రాజ్యంగారి కలంకారీ షెడ్డు ముందు కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో ముంచిన గుడ్డలు ఆరుతూ ఉండేవి. మధ్యాహ్నపు గాలికి అవి లేచి వాలుతుంటే లోపల కంప్యూటరు ముందు నా కళ్ళు మూతలు పడేవి. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగమది. దుప్పట్ల డిజైన్లు ఫోటోలు తీసి వెబ్‌సైట్లో పెట్టడం నా పని.

రాజ్యంగారు ఏ రంగునీ మాటతో నమ్మేవారు కాదు. ముక్క చించి, తనే కాలువలోకి దిగి ఉతికి, ఎండకేసి పట్టుకుని చూస్తేగానీ తల ఊపేవారు కాదు. డిజైన్లు ఎవరూ ఎత్తుకుపోకుండా ప్రతి ఫోటో మీదా మన లోగో ఉండాలన్నారు. మొదట ఒక్కొక్కదాని మీదా అతికించాను. ఆవిడ లోగో మార్చినప్పుడల్లా మళ్ళీ మొదటికొచ్చేది. విసుగెత్తి ఒక ఉపాయం నేర్చుకున్నాను. వెబ్‌సైట్లో ఫోటోకుండే చిరునామా (URL) చివర ప్రశ్నార్థకం పెట్టి, ఏ లోగో, ఏ మూల, ఎంత పలచగా అని రాస్తే చాలు. అసలు ఫోటో జోలికి పోకుండానే చూసేవాళ్ళ తెర మీద ముద్ర పడుతుంది. ఆవిడ ముచ్చటపడి, గుడ్డ మీద అచ్చు అద్దినట్టే ఉందన్నారు. తర్వాత అడిగారు:

"ఉతికితే పోతుందా?"

"పోదండీ," అన్నాను, లోపల నవ్వుకుంటూ. ఉతికి చూడలేదు.

ఆ వేసవంతా మా అచ్చులు చెక్కే సత్యంగారు టేకు చెక్క మీద నెమలితీగ అచ్చు చెక్కారు. ఇరవై ఏళ్ళుగా రాజ్యంగారికి తప్ప ఎవరికీ చెక్కని మనిషి. ఆ అచ్చు వేసిన దుప్పటి ఫోటో కూడా ముద్రతోనే వెబ్‌సైట్లో పెట్టాను. వానలు పడేసరికి అదే తీగ వేరే వ్యాపారి దుప్పటి మీద కనిపించింది. ఆయన దాన్ని తెచ్చి మా బల్ల మీద పరిచారు. నేను గబగబా చిరునామాలో ప్రశ్నార్థకం దగ్గర్నుంచి తోక చెరిపేసి చూశాను. ఏ ముద్రా లేకుండా నెమలితీగ శుభ్రంగా తెర మీదికొచ్చింది.

"నా అచ్చు ఎవరికిచ్చావమ్మా?" అన్నారాయన రాజ్యంగారితో, మెల్లగా.

ఆవిడ నా తెరవైపు ఒక్కసారి చూశారు. "తప్పు నాదే అన్నయ్యా. ఉతికి చూడకుండా నమ్మాను."

ఆ మాట ఆయనకి అర్థం కాలేదు. డబ్బుకి అమ్ముకుందనే అనుకున్నారు. గూట్లోంచి తన ఉలులు తీసుకుని వెళ్ళిపోయారు. నేను నోరు మెదపలేదు.

ఆవిడ నన్ను తిట్టలేదు. ముద్ర లేని ఫోటోలు ఎవరికీ అందని చోటికి మార్చమన్నారు. మార్చాక నా పక్కన కూర్చుని, తన వేలితోనే తోకలో ఒక్కో అక్షరం చెరుపుతూ చాలాసేపు పరీక్షించారు. బయట గుడ్డలు ఆరుతున్నాయి. సత్యంగారికి నేనే వెళ్ళి చెబుతానన్నాను. "వెళ్ళు," అన్నారు. ఆయన సందు మొదటిదాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చేశాను. చెప్పావా అని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. సత్యంగారు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళు ఎవరు పొరపాటు చేసినా నలుగురిలో అది నాదేనంటాను. పెద్ద మనసంటారు. కాదు. ఆరోజు నోరు విప్పితే నాకు పోయేది ఏడాది నిండని ఉద్యోగం. విప్పనందుకు ఆవిడకి పోయింది, అన్నయ్యా అని పిలుచుకున్న మనిషి.