తాటాకుల దడి అడిగిన దంపతులు

1985 డిసెంబరు. యానాం రేవులో పడవలు అద్దెకిచ్చే ఒక యజమాని దగ్గర నేను గుమాస్తాను. గోదావరికి అక్కడ వంతెన లేని రోజులవి. మా పడవలకు ఎక్కువగా పెళ్ళివారూ కొబ్బరికాయలూనే బేరం. ఎప్పుడైనా పట్నం వాళ్ళు లంకలు చూస్తామంటే గైడుగా నన్ను పంపేవారు. నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది కానీ, మా లైబ్రరీలో పక్షుల మీద ఉన్న నాలుగు పుస్తకాలూ అట్టలు ఊడేదాకా చదివినవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే.

ఆ చదువు వల్లే, ఆ ఏడాది రేవుకు ఎదుటి లంకలో దిగినవి మామూలు కొంగలు కావని గుర్తుపట్టాను. కొంగ ఎగిరేటప్పుడు మెడ ముడుచుకుంటుంది. ఇవి మెడ బారుగా చాచి, వరస కట్టి, బూర ఊదినట్టు అరుస్తూ వచ్చాయి. క్రౌంచ పక్షులు. ఉత్తరాన్నుంచి వలస వచ్చే ఈ పక్షులు మా వైపు దిగడం అరుదు. పగలు కోసిన వరిచేలల్లో గింజలు ఏరుకుని, పొద్దు వాలేసరికి లంక చివర మోకాలిలోతు నీళ్ళలో నిలబడేవి. అలా రాత్రి గడిపే చోటును రూస్ట్ అంటారు.

లంకలో మినుము చల్లిన సత్తిరాజుకు ఇవి కంటగింపు. డబ్బా కొట్టి తోలెయ్యకుండా పది రోజులు బతిమాలి ఆపాను. "మీరు పుస్తకాలు చదూకుంటే నా మొలకలు అవి తినెయ్యడమేటండి?" అనేవాడు. అన్నా, మాట తప్పలేదు.

ఈ సంగతి నేను లైబ్రేరియన్‌కు గొప్పగా చెప్పుకున్నాను. ఆయన ద్వారా తెలుసుకుని విశాఖపట్నం నుంచి శ్రీధరరావు గారనే ఆయన నాకు ఉత్తరం రాశారు. ఆయనా భార్యా పక్షుల్ని చూడాలట. మోటారు పడవ వద్దు, తెడ్లతోనే వెళ్ళాలి. తెల్లబట్టలు కట్టుకోవద్దు. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దు. నీళ్ళకు దగ్గరగా తాటాకుల దడి కట్టించి, కూర్చుంటే కంటి ఎత్తుకు వచ్చేలా ఒక కంత ఉంచాలి. దాన్ని హైడ్ అంటారని కూడా రాశారు. నాకు ఆ దడి ఇంకో రకంగా తెలుసు. మా వైపు బాతుల్ని కాల్చేవాళ్ళు కట్టుకునేది అచ్చం అదే. ఆ కంతలోంచి తుపాకీ గొట్టం పెడతారు.

యజమానికి నా అనుమానం చెప్పాను. "నీకు చదువు ఎక్కువైందిరా. దడి కట్టమన్నారు, కట్టు" అన్నాడు. కట్టాను. కానీ మనసు కుదుటపడలేదు.

లంకకు వెళ్ళాల్సిన ముందురోజు మధ్యాహ్నం వాళ్ళు బస్సు దిగారు. శ్రీధరరావు గారు సన్నగా, తక్కువ మాటల మనిషి. ఆయన భార్య టీ తాగుతున్నంతసేపూ ఒళ్ళోని సంచి కింద పెట్టలేదు.

"లంకలో కాపలా వాళ్ళెవరైనా ఉంటారా?" అని అడిగారాయన.

"ఎందుకండీ?"

"ఉంటే తెల్లవారుజామున అటు రాకుండా చూడండి. పక్షులు లేవకముందే మేం దడిలో ఉండాలి."

"ఎంత దూరం నుంచి చూస్తారండీ?"

"ఎంత దగ్గరైతే అంత మంచిది."

ఆవిడ నా ముఖం చూసి, "ఏంటండీ, అలా ఉన్నారు?" అంది. "ఏం లేదండి" అన్నాను. సంచిలో ఏముందని ఆ క్షణంలో అడిగి ఉంటే సరిపోయేది. వేటగాళ్ళు నిజం చెబుతారా అనుకుని ఊరుకున్నాను.

పొద్దు వాలకముందే లంకకు వెళ్ళాను. "సత్తిరాజూ, ఈ ఒక్క సాయంత్రం డబ్బా కొట్టెయ్" అన్నాను. ఒకసారి బెదిరినా పక్షులు అలవాటైన రూస్ట్ వదలవని ఎక్కడో చదివిన ధైర్యం నాది. వీళ్ళు వెళ్ళిపోయాక అవి తిరిగొస్తాయి.

"ఈ మాట పదిరోజుల క్రితం అనాల్సిందండీ" అని సత్తిరాజు డబ్బా అందుకున్నాడు.

తెల్లవారుజామున ముగ్గురం దడిలో కూర్చున్నాం. ఆవిడ అప్పుడు సంచి విప్పింది. బొమ్మల పుస్తకం, రంగుల డబ్బా, గుడ్డలో చుట్టిన బైనాక్యులర్స్. పుస్తకం నిండా పక్షులు, ఒక్కొక్క ఈక విడిగా కనబడేలా. తుపాకీ లేదు.

వెలుగొచ్చింది. నీళ్ళ మీద రెండు తెల్లకొంగలు తప్ప ఏమీ లేవు. గంటన్నర గడిచింది. ఇంతలో సత్తిరాజు దడి వెనకనుంచి తల పెట్టాడు.

"ఒక్కటి మిగల్లేదండి. గుమాస్తాగారు చెప్పినట్టే మోగించేశాను. ఒడిసెలలో రాయి పెట్టి కూడా తిప్పానండాయ్."

శ్రీధరరావు గారు నా వైపు చూశారు. అంతా చెప్పాను, తుపాకీ అనుమానంతో సహా. ఆవిడ రంగుల డబ్బా మూసి, "ఎవరికీ చెప్పొద్దంది జనం వస్తే అవి బెదురుతాయని" అంది. మళ్ళీ, "అనుమానం రావడం తప్పు కాదండీ. మమ్మల్ని పడవ ఎక్కించకుండా ఉండాల్సింది. వాటినెందుకు లేపారు?" అంది.

యజమాని కోప్పడతాడని పార్టీని ఆపలేకపోయాను. ఎదురు చెప్పలేని పక్షుల్ని తోలేశాను.

అవి మర్నాడూ రాలేదు, ఆ తర్వాత ఏ ఏడూ ఆ లంకలో దిగలేదు. పుస్తకంలో చదివింది తప్పో, నేను అర్థం చేసుకున్నది తప్పో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఎవరు దడి అడిగినా, ముందు వాళ్ళను రేవులో కూర్చోబెట్టి, సంచులు విప్పి చూపించమని ముఖం మీదే అడిగేవాణ్ణి. కొందరు తిట్టి వెళ్ళిపోయారు. వెళ్ళనిచ్చాను.